సెస్సు మనది, బీరువా ఎవరిది?

ఇంటిపన్ను రసీదు దగ్గరుంటే ఒకసారి తీసి చూడండి. ఇంటిపన్ను, నీటిపన్ను, వీధిదీపాల పన్ను అని వరసగా పద్దులుంటాయి. వాటి మధ్య గ్రంథాలయ పన్ను అని ఒక చిన్న పద్దు ఉంటుంది. మనవాళ్లలో దాన్ని చదివినవాళ్లు తక్కువ. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున మన దగ్గర తీసుకునే సెస్సు అది. 500 రూపాయల ఇంటిపన్ను కట్టిన ఇల్లు పుస్తకాల కోసం 40 రూపాయలు కట్టినట్టు లెక్క. ఈ వసూలుకు ఆధారం 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. పంచాయతీలు, మునిసిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి.

అంటే పొదిలి పక్క యానాది కాలనీలో రేకుల ఇంటికి, తర్లుపాడు వైపు తండాలో మిద్దెకు, దోర్నాల దగ్గర చెంచుగూడెంలో పక్కా ఇంటికి, పన్ను కట్టిన ప్రతి గడపకూ ఆ గ్రంథాలయాల్లో వాటా ఉంది. ఇది ఎవరి దయా కాదు. గిరిజన సంక్షేమ పథకమూ కాదు. వాటాదారు అడగాల్సిన ప్రశ్న ఒకటే: నా డబ్బుతో ఏం కొన్నారు?

మన పశ్చిమ ప్రకాశంలో గానీ, రాష్ట్రంలో మరెక్కడైనా గానీ ఒక మామూలు శాఖా గ్రంథాలయంలోకి పోండి. బల్లల మీద దినపత్రికలు. గోడవారగా బీరువాల్లో నవలలు, భక్తి పుస్తకాలు, వ్యక్తిత్వ వికాసం, పోటీపరీక్షల గైడ్లు, నాయకుల జీవిత చరిత్రలు, పిల్లలకు నీతికథలు. ఇవి ఉండకూడదని నేననను. వీటి పక్కన యానాదుల గురించి, ఎరుకల గురించి, సుగాలీల గురించి, చెంచుల గురించి ఏముందో అక్కడి ఉద్యోగిని అడగండి. మంచివాడైతే కాసేపు వెతుకుతాడు. చివరికి అల్లూరి సీతారామరాజు జీవితచరిత్ర తెచ్చి చేతిలో పెడతాడు. మన్యం వీరుడి పుస్తకంలో మన్యం జనం వెనక వరసలో ఉంటారు. మన మెట్ట తండాలు, కాలనీలు ఆ వెనక వరసలో కూడా ఉండవు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు 5 లక్షలు దాటారు. ఎరుకలూ 5 లక్షలు దాటారు. సుగాలీలు 20 లక్షల పైమాటే. చెంచులు 64 వేలు. ఇంతమందికి ఒక బీరువాలో ఒక్క అర లేకపోవడం మరిచిపోవడం వల్ల జరిగింది కాదు. పుస్తకాలు ఎంచేవాళ్ల కళ్ల ముందు ఒక పాఠకుడి బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మలో మన ముఖం లేదు. అందుకే మనకోసం కొనరు, కొన్న ఒకటీ అరా చెడిపోతే బాగుచేయరు, పనికిరానిది మన మీద పడేస్తారు. నా గొడవంతా దీని మీదే.

అడిగితే వచ్చే జవాబు నాకు ముందే తెలుసు. "ఎస్టీలు లైబ్రరీకి రారండీ. వస్తే కొనమా?" అని ఇష్యూ రిజిస్టరు తీసి చూపిస్తారు. ఆ రిజిస్టరులో వచ్చినవాళ్ల పేర్లే ఉంటాయి. రాలేకపోయినవాళ్ల పేర్లు రాసుకునే రిజిస్టరు ఏ ఆఫీసులోనూ లేదు. బావి తవ్వకుండా, ముందు మీకు దాహం ఉందని రుజువు చేయండి అన్నట్టుంది ఈ వరస. సభ్యత్వానికి ధరావతు కట్టమంటారు, చిరునామా రుజువు తెమ్మంటారు. ఆధార్ కార్డుకే ఏళ్ల తరబడి తిరిగిన యానాది కుటుంబాలున్న ప్రాంతం ఇది. మిరపకోతలకు గుంటూరు వైపు నెలల తరబడి పోయే ఇంటి పిల్ల, పదిహేను రోజుల గడువులో పుస్తకం ఎలా తిరిగిస్తుంది? ఇవన్నీ దాటుకుని గడపలో కాలుపెడితే "ఎవరి పిల్లోడివిరా?" అని అడిగే చూపు ఒకటి. ఆ చూపు భరించలేక వెనక్కి తిరిగినవాడు ఏ లెక్కలోకీ రాడు.

సగంమందికి చదువే రాకపోతే పుస్తకమెందుకని ఇంకొందరు. నిజమే, 2011లో ఉమ్మడి రాష్ట్ర ఎస్టీల అక్షరాస్యత 49.2 శాతం. మిగతా సగం సంగతి అడుగుతున్నాను నేను. సగం జనం చదవగలిగిన చోట సగం బీరువా అయినా ఉండాలి కదా. పైగా కాలనీలో చదువు రాని అవ్వకు కాగితం చదివి వినిపించే మనవరాలు ఆ చదివే సగంలోనే ఉంది. ఆమె చేతిలో పడిన పుస్తకం ఒక్కరికి చేరి ఆగదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన వాదం కూడా కాదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే అయిదు సూత్రాలు రాశాడు. చదివేది ఎవరైనా సరే, వాళ్లకు తగిన పుస్తకం గ్రంథాలయంలో ఉండి తీరాలన్నది వాటిలో ఒకటి. అప్పటికి మన ప్రాంతం ఆ మద్రాసు రాష్ట్రంలోదే. యునెస్కో 1994లో వెలువరించిన ప్రజా గ్రంథాలయాల ప్రకటన, వయసు, జాతి, భాష, సామాజిక స్థాయి ఏదైనా అందరికీ సమానంగా సేవ అందాలని, మామూలు పద్ధతిలో గ్రంథాలయాన్ని వాడుకోలేని వాళ్లకు ప్రత్యేకంగా పుస్తకాలు, ఏర్పాట్లు ఉండాలని చెబుతుంది. ఈ పాఠాలు గ్రంథాలయ శాస్త్రం కోర్సులో ఉంటాయి. పరీక్షలో రాసి పాసవుతారు. బీరువా నింపేటప్పుడు గుర్తుకురావు.

ఇక బీరువాల్లో మనం ఎక్కడ కనబడతామో చూద్దాం, ఎందుకంటే అసలే కనబడమని కాదు. గ్రంథాలయాల్లో పుస్తకాలకు డ్యూయీ దశాంశ పద్ధతిలో అంకెలు వేస్తారు. 305.8 అంటే జాతులు, జనసమూహాలు. 398 అంటే జానపద కథలు. 364 అంటే నేరాలు. మన బతుకు మీద పుస్తకం వస్తే న్యాయంగా 305.8లో చేరాలి. కానీ మన పాట 398కి పోతుంది, మన పేరు 364కి పోతుంది. మనిషిని తీసేసి పాటను ఒకచోట, నేరాన్ని ఒకచోట సర్దిపెట్టారు.

ఈ 364 వెనక పెద్ద కథ ఉంది. పిల్లలకు చెప్పాల్సిన కథ. రైళ్లు రాకముందు కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి జిల్లాలకు చేర్చింది ఎరుకలు. ధాన్యం, ఉప్పు, సైన్యాలకు తిండి మోసింది లంబాడీలు. రైలు వచ్చాక, ఉప్పు వ్యాపారం తెల్లదొరల గుప్పిట్లోకి పోయాక ఆ బతుకుతెరువు పడిపోయింది. బతుకుతెరువు పోయి తిరిగేవాళ్లను దొంగలన్నారు. 1871లో నేరస్థ జాతుల చట్టం పుట్టింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి పాకింది. స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన సెటిల్మెంటు ఆ చట్టం బిడ్డే. 1952 నాటికి దేశమంతటా చట్టం రద్దయింది. పేరు మాత్రం రద్దు కాలేదు. 1991లో "స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్" అని సినిమా, 2023లో "టైగర్ నాగేశ్వరరావు" అని సినిమా. ఆ ఊరి పేరు చెప్పగానే జనానికి ఇంకో మాట తోచకుండా చేశారు.

పుస్తకాలు కూడా అంతే. ముల్లాలీ అనే పోలీసు అధికారి 1892లో మద్రాసు రాష్ట్రంలోని "నేర వర్గాల" మీద ఒక పుస్తకమే రాశాడు. థర్‌స్టన్ దొర, రంగాచారి కలిసి 1909లో ఏడు సంపుటాలు తెచ్చారు, దక్షిణాది కులాలు, తెగల మీద. చెంచులు రెండో సంపుటంలో, కొరవల పేరుతో ఎరుకలు మూడో దాంట్లో, లంబాడీలు నాలుగులో, యానాదులు ఏడులో. మన గురించి ఎవరు ఏం రాయాలన్నా ఇప్పటికీ ఆ ఏడు సంపుటాల దగ్గరికే పోతారు. ఆ దొర మన తలలు, ముక్కులు కొలిచాడు. మనల్ని అడిగి రాసింది తక్కువ, మన గురించి అధికారులను, పాత నివేదికలను అడిగి రాసింది ఎక్కువ.

మన కుర్రవాళ్లలో కొందరు ఆవేశంగా అంటారు, అలాంటి పుస్తకాలు తీసి తగలబెట్టాలని. నేను ఒప్పుకోను. తగలబెడితే మనకు జరిగిన అన్యాయానికి సాక్ష్యం కూడా కాలిపోతుంది. ఆ చట్టంలో ఏ రాతలు ఉన్నాయో, ఏ అధికారి ఏమన్నాడో రేపు మన పిల్లలు చదివి జవాబు చెప్పాలంటే ఆ కాగితం ఉండాలి. నా తగాదా ఆ పుస్తకం ఉన్నందుకు కాదు. దాని పక్క అర ఖాళీగా ఉన్నందుకు. మీనా రాధాకృష్ణ 2001లో "డిసానర్డ్ బై హిస్టరీ" అని పుస్తకం రాసింది. కొరవలను, ఎరుకలను నేరస్థులుగా ఎలా తయారుచేశారో అందులో ఉంది. థర్‌స్టన్ ఉన్న ప్రతి గ్రంథాలయంలో అదీ ఉండాలి. తెలుగులో ఉండాలి. ఏ పుస్తకం పక్కన ఏ పుస్తకం పెడుతున్నామన్నది కూడా ఎంపికే.

ఇంకేం కొనాలని అడుగుతారా? పుస్తకాలు లేక కాదు. కేశవరెడ్డి "చివరి గుడిసె" యానాది జీవితం మీద నవల. పలమనేరు బాలాజీ "ఏకలవ్య కాలనీ" ఎరుకల జీవితాల కథలు. రమేశ్ కార్తీక్ నాయక్ "ధావ్లో" గోర్ బంజారా కథలు, దానికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మల్లిపురం జగదీశ్ "శిలకోల" ఉత్తరాంధ్ర ఆదివాసీ కథలు. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా యానాదుల మధ్య పనిచేసి 1962లో వాళ్ల మీద ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే తెచ్చాడు. హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో వచ్చింది. నల్లమల అంచు ఊళ్లలో వెతకండి, ఎక్కడైనా దొరికితే నాకు చెప్పండి, వచ్చి చూసిపోతాను.

కథలూ నవలలే కాదు. అటవీ హక్కుల చట్టం 2006, అత్యాచారాల నిరోధక చట్టం 1989, వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976, ఇవి తేట తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒకటికి నాలుగు ప్రతులు ఉండాలి. చెరువు కాపలాకో, రొయ్యల గుంటకో, బత్తాయి తోటకో అప్పుకింద కుదిరిన యానాది కుటుంబానికి 1976 చట్టం చదివినంత ఉపకారం ఏ వ్యక్తిత్వ వికాసమూ చేయదు. పొదిలి షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఏజెన్సీ రక్షణలు మనకు లేవు. కాబట్టి ఏ చట్టం మనకు వర్తిస్తుందో, ఏది వర్తించదో తెలియడం ఇక్కడ మరీ అవసరం.

స్థానిక చరిత్ర మాట కూడా ఇక్కడే అనేస్తాను. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో, గుంటూరు, నెల్లూరు, కర్నూలు ముక్కలు కలిపి. పొదిలి అంతకుముందు నెల్లూరుది, మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. అందుకని మన తాతల ఆనవాళ్లు పాత నెల్లూరు జిల్లా మాన్యువల్లో కొంత, కర్నూలు కాగితాల్లో కొంత పడి ఉన్నాయి. బాస్వెల్ రాసిన నెల్లూరు మాన్యువల్ 1873 నాటిది. వీటన్నిటి నకళ్లు ఒక్కచోట చేర్చడం పొదిలి లాంటి ఊరి గ్రంథాలయం చేయాల్సిన పని. ఒంగోలు చేయదు, విజయవాడకు అవసరం లేదు.

కొనడం గురించి ఇంత మాట్లాడాను గానీ, తీసేయడం గురించి మాట్లాడేవాళ్లే లేరు. అసలు నష్టం అక్కడుంది. మన పిల్లల్లో గ్రంథాలయానికి వచ్చేవాళ్లు ఎక్కువగా గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబులు పరీక్షకో చదివేవాళ్లు. కొందరు సాహిత్యవేత్తలకు వీళ్లంటే చిన్నచూపు. నాకు లేదు. ఇంట్లో బల్ల లేదు, ఫ్యాను లేదు, కొత్త గైడు కొనే డబ్బు లేదు, అందుకని వస్తారు. అలాంటి కుర్రాడి చేతికి ఏమొస్తుంది? 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్ అని ఉన్న జనరల్ నాలెడ్జి. రాష్ట్రం విడిపోయింది 2014లో. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. వేటపాలెం ప్రకాశంలో లేదు, బాపట్లకు పోయింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత సెక్షను నంబర్లు బట్టీపట్టిన కుర్రాడు పరీక్షలో తప్పు రాస్తాడు. డబ్బున్నవాడు కొత్త పుస్తకం కొనుక్కుంటాడు, కోచింగుకు పోతాడు. గ్రంథాలయాన్నే నమ్ముకున్నవాడికి పాత పుస్తకం అబద్ధం చెప్పి పంపిస్తుంది. కాలం చెల్లిన మందు ఇచ్చిన మందులషాపును ఊరుకోం. కాలం చెల్లిన చట్టం పుస్తకం ఇచ్చే బీరువాను ఎందుకు ఊరుకోవాలి?

దీన్ని ఏరివేత అంటారు. ఏటా ఒకసారి ప్రతి అరనూ చూసి, కాలం చెల్లినవి తీసి, చిరిగినవి బైండింగుకు పంపి, ఎవరూ ముట్టనివి ఎందుకు ముట్టలేదో ఆలోచించడం. కలుపు తీయకుండా పంట పండదని మనకు వేరే చెప్పాలా? కానీ తీయరు. ఎందుకంటే యాక్సెషన్ రిజిస్టరులో అంకె తగ్గితే ఆడిట్‌లో జవాబు చెప్పాలి. పుస్తకాల సంఖ్య ఎంత పెద్దదైతే గ్రంథాలయం అంత గొప్పదని నివేదిక. చెదలు తిన్నదీ, 23 జిల్లాలదీ అన్నీ ఆ అంకెలోనే.

ఆ భయమే బీరువాలకు తాళాలు వేయిస్తుంది కూడా. బళ్లలో చూడండి. పుస్తకం పోతే జీతంలోంచి కట్టాలేమోనని అయ్యవార్లు పుస్తకాలు బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకుంటారు. 2020లో "చదవడం మాకిష్టం" అని ప్రభుత్వమే కార్యక్రమం పెట్టింది. చదవడం ఇష్టమే, తాళం తీయడమే కష్టం. టీచర్లు ఒక సంగతి తెలుసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017 ప్రకారం చదువరుల చేతుల్లోకి పోయిన ప్రతి వెయ్యి పుస్తకాల్లో ఏడాదికి అయిదు పోవడం సహజం, అందులో మోసమో నిర్లక్ష్యమో లేకపోతే చాలు. అది కేంద్ర సంస్థలకు రాసిన నియమం. ఆ మాటే మన బళ్లకు, మన శాఖా గ్రంథాలయాలకు రాసివ్వమని ఉపాధ్యాయ సంఘాలు అడగాలి. తాళం వేసిన బీరువాలో పుస్తకం పోదు. చెద పురుగు తప్ప ఎవరూ చదవరు, అంతే.

చెద అంటే గుర్తొచ్చింది, కాపాడడం అంటే పెద్ద శాస్త్రం కాదు. బీరువా గోడకు జానెడు దూరంగా ఉండాలి. కింది అర నేలకు ఆనకూడదు. వానకు ముందు కప్పు చూడాలి. అట్ట ఊడినప్పుడే కుట్టించాలి, కాగితాలు చెల్లాచెదురయ్యాక కాదు. ఇంత పనికి కూడా మనిషి కావాలి. పోస్టులు ఖాళీగా పెట్టి, ఒకే మనిషికి రెండేసి ఊళ్లు అప్పగిస్తే ఆయన తలుపు తీసి పత్రికలు పరిచేసరికి పూట అయిపోతుంది. ఆయన మీద అరవడం వల్ల లాభం లేదు. మన సెస్సులో ఒక్క పైసా కూడా దారి తప్పకూడదని అరవాలి. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు వేరే ఖర్చులకు వాడుకుని, గ్రంథాలయ సంస్థలకు ఏళ్ల తరబడి బకాయి పడడం రాష్ట్రమంతటా ఉన్న జబ్బు. పన్ను కట్టకపోతే మన కొళాయి కట్టేస్తామంటారు. కట్టిన పన్ను జమచేయనివాళ్లకు ఏ కొళాయి కట్టేయాలి?

పట్నం దాతల గురించి కూడా చెప్పాలి, వాళ్లకు కోపం వచ్చినా సరే. "గిరిజన పిల్లలకు పుస్తకాలు" అని అట్టపెట్టెలు తెస్తారు. ఫొటో తీస్తారు. పెట్టె విప్పితే 1990ల నాటి ఇంజినీరింగు గైడ్లు, సగం పూర్తిచేసిన పదబంధాలు, మూడో సంపుటం మాత్రమే ఉన్న నవల, ఎవరో ఉచితంగా పంచిన ప్రవచనాలు. వాళ్ల ఇల్లు ఖాళీ అయింది, మన తండా నిండింది. తీసుకోకపోతే పొగరంటారు. గ్రంథాలయ శాస్త్రంలో దీనికీ నియమముంది. దానం వచ్చిన పుస్తకాన్ని కొనే పుస్తకాన్ని చూసినట్టే చూడాలి, ఇది డబ్బుపెట్టి కొంటామా అని అడిగి, కొనం అనిపిస్తే తిప్పి పంపాలి. ఇచ్చేవాళ్లకు మనం ఒక జాబితా ఇద్దాం. ఇందులోవి కొనిపెట్టండి, లేదంటే దండం.

తెలుగునాట గ్రంథాలయ ఉద్యమం గొప్పది. కాదనను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు లాంటివాళ్లు ఊరూరా తిరిగారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వచ్చింది, ఇప్పటికీ పాత పత్రికల కోసం దేశదేశాల వాళ్లు అక్కడికి వస్తారు. 1935లో పాతూరి నాగభూషణం కాలువ మీద పడవలో పుస్తకాలు వేసి ఊళ్లకు పంపాడు. పుస్తకమే పాఠకుడి ఇంటికి పోవాలన్న ఆ ఆలోచనకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ పడవ కాలువ ఉన్న చోటికే పోతుంది. మన మెట్టకు కాలువ లేదు. వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూసినట్టే పుస్తకాల పడవ కోసం కూడా ఎదురుచూడాలా?

కాలువ లేనిచోట దారులు వేరే ఉన్నాయి. 1931లో తమిళనాడు మన్నార్‌గుడిలో ఎద్దులబండి మీద గ్రంథాలయం ఊళ్లు తిరిగింది. దక్షిణ అమెరికాలోని కొలంబియాలో లూయిస్ సోరియానో అనే బడిపంతులు రెండు గాడిదల మీద పుస్తకాలు వేసుకుని కొండ ఊళ్ల పిల్లలకు చేరవేశాడు, ప్రపంచమంతా అబ్బురపడింది. గాడిదల మీద ఉప్పు మోసిన ఎరుకలకు, ఎద్దుల మీద ధాన్యం మోసిన సుగాలీలకు ఇందులో అబ్బురమేముంది? ఇప్పుడు గాడిద కూడా అక్కర్లేదు, ఆటో చాలు. గ్రంథాలయ సంస్థల లెక్కల్లో పుస్తక నిక్షిప్త కేంద్రాలని ఒక ఏర్పాటు ఉంది. శాఖా గ్రంథాలయం లేని పల్లెలో కొన్ని పుస్తకాలు ఉంచి, మారుస్తూ ఉండడానికి. ఆ కేంద్రం ఊరి మధ్య చావిట్లో ఎందుకుండాలి? కాలనీలో ఉంటే ఊరివాళ్లు రారా? రానీ చూద్దాం.

భాష సంగతి. ఎరుకల భాష తమిళానికి దగ్గరిది. గోర్ బోలి ఉత్తరాది భాషల కుటుంబంలోది. రెండింటికీ సొంత లిపి లేదని, కాబట్టి పుస్తకాలు రావని అంటారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశాడు, 1938లో సవర నిఘంటువు అచ్చయింది. తెలుగు లిపిలో గోర్ బోలి పాట రాస్తే తండా పిల్ల గడగడా చదువుతుంది. చదివి నవ్వుతుంది కూడా, మా ఇంటి మాట పుస్తకంలో ఉందే అని. ఆ నవ్వుకు ఏ శాఖ బడ్జెటులోనూ పద్దు లేదు. పెద్దవాళ్ల పాటలు, మందుమొక్కల పేర్లు, ఊరిపేర్ల కథలు వాళ్ల అనుమతితో రికార్డు చేసి గ్రంథాలయంలో ఉంచాలి. మందు సంగతులు మాత్రం జాగ్రత్త, చెప్పినవాళ్లు వద్దంటే అచ్చు వేయకూడదు.

ఫోనులో అన్నీ ఉన్నాయి కదా అనే తమ్ముళ్లకు ఒక్క మాట. ఫోనులో "స్టూవర్టుపురం" అని వెతికి చూడు. మొదట ఏం వస్తుందో నువ్వే చూసి చెప్పు. ఎంచి పెట్టేవాళ్లు లేనిచోట అరిచేవాళ్ల మాటే పైకొస్తుంది.

మన రచయితలను కూడా అడగాలి. పుస్తకం అచ్చవుతుంది, హైదరాబాదులోనో విజయవాడలోనో ఆవిష్కరణ జరుగుతుంది, శాలువాలు కప్పుతారు, పరిచయాలు రాస్తారు. ఆ పుస్తకంలో ఉన్న మనుషులు బతికే మండలంలోని గ్రంథాలయానికి ఒక్క ప్రతి పోదు. సమీక్షకుడికి పోస్టులో పంపిన ప్రతి ఖర్చే దీనికీ అవుతుంది. ఈ చిన్న పుస్తకం మీ చేతికి వచ్చిందంటే, చదివాక దీన్ని ఇంట్లో అటక మీద పెట్టకండి. దగ్గరి గ్రంథాలయానికి ఇచ్చి, యాక్సెషన్ నంబరు వేయించి, ఆ నంబరు అడిగి రాసుకుని రండి. నంబరు లేని పుస్తకం పోయినా అడిగేవాళ్లుండరు.

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన పిల్లలు దేశం నిండా ఉన్నారు. ఆ రాయి తవ్విన ప్రాంతపు పిల్లలు పలక తర్వాత పుస్తకం అడిగితే అది అత్యాశ కాదు.

ఇప్పుడు చేయాల్సిన పని. ప్రతి తండా, కాలనీ, గూడెం నుంచి అయిదుగురు చొప్పున కలిసి పోయి సభ్యత్వం అడగండి. ఒంటరిగా పోవద్దు. ధరావతు భారమైతే తగ్గించమని, చిరునామాకు టీచరు సంతకం చాలనమని రాతలో అడగండి. సూచనల పుస్తకం ఇమ్మనండి, లేదంటే తెల్లకాగితం మీద రాసి ముద్ర వేయించుకోండి. పుస్తకం పేరు, రచయిత పేరు రాయండి, ఊరికే "గిరిజన పుస్తకాలు కావాలి" అని రాస్తే ఏదో ఒకటి తెచ్చి పడేస్తారు. పుస్తకాల ఎంపికకు రాతపూర్వక విధానం ఉందా, ఎంపిక చేసేవాళ్లలో ఎస్టీలు ఎవరైనా ఉన్నారా అని జిల్లా గ్రంథాలయ సంస్థను అడగండి. పంచాయతీనో నగర పంచాయతీనో వేరే అర్జీలో అడగండి: గత అయిదేళ్లలో ఏటా గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమచేశారు, ఏ తేదీన, బకాయి ఎంత. సమాచార హక్కు చట్టం, 2005 కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కార్డు ఉన్నవాళ్లకు రుసుం లేదు, కార్డు నకలు జతచేస్తే చాలు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు ఆ శాఖలోనే పై అధికారికి వేయాలి. అర్జీ ఇచ్చేముందు ఒక జిరాక్సు తీసి, దాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.